కుడివంత

దస్తగిరి పాటకు ఒక వేసవంతా ఆదోని నుంచి బళ్ళారి దాకా ఆటోలన్నీ ఊగిపోయాయి. ర్యాప్ అంటే పట్నంవాళ్ళ సరదా అనుకునే రోజుల్లో, మిరపకాయ నమిలినట్టుండే సీమ మాటతో పాడి పేరు తెచ్చుకున్నాడు. ఏ కంపెనీకీ సంతకం పెట్టలేదు. పాట తానే రాసుకున్నాడు, బీటు తానే కట్టుకున్నాడు, వీడియో తానే తీసుకున్నాడు. చివరికి పాటలోని మాటలు అచ్చేసిన టీషర్టులు కూడా తానే అమ్ముకున్నాడు. మొదట్లో బీటు కట్టే స్నేహితుడొకడు ఉండేవాడు గానీ, వాడితో కూర్చుని వాదించే ఓపిక లేక ఆ పనీ తనే నేర్చేసుకున్నాడు.

ఆ వేసవి దాటింది. తర్వాత పాటలు వచ్చాయి, ఎవరూ ఊగలేదు. సినిమాకు రాసిచ్చిన పాటను కత్తిరించి పక్కన పడేశారు. విత్తనాల కంపెనీ ప్రకటనకు పాడితే జనానికి విత్తనం పేరు గుర్తుంది గానీ పాడినవాడి పేరు గుర్తులేదు. ఎన్ని వైపులా చెయ్యి చాచినా ఏదీ నాలుగు నెలలు నిలవలేదు. చూసి చూసి మేనమామ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. సోమవారం చేరాలి. చేరితే ఇక పాట అటకెక్కినట్టేనని దస్తగిరికి బాగా తెలుసు.

అందుకే గురువారం పొద్దున వన్నూరమ్మ ఇంటికి వెళ్ళాడు. వన్నూరమ్మ బుర్రకథ చెప్పే మనిషి. డెబ్బై దాటినా తంబూర భుజాన వేసుకుని నిలబడిందంటే జనం కదలరు. చిన్నప్పుడు దస్తగిరికి తాళం నేర్పింది ఆమే. నేర్చినంతకాలం నేర్చుకుని, మీసాలు రాగానే ఆ గడప మరచిపోయిన శిష్యుడు అతను. ఆమె ఆ మాట ఎత్తలేదు. వాకిట్లో నిప్పుల మీద, కథలో వాయించే గుమ్మెట తోలు వెచ్చబెడుతూ, "కూర్చో" అంది.

"అవ్వా, నువ్వు ఇన్నేండ్లు ఎట్ల నిలబడినావో నాకు జెప్పు. నేను రెండేండ్లకే పడిపోతాండా."

"ముందు నీ పాట ఇనిపీ."

ఫోన్లో కొత్త పాట పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. పాట అయ్యాక అడిగింది.

"ఎనకాల ఎవుడో 'అద్దీ!', 'భళా!' అంటాండాడే, వాడెవుడు?"

"నేనే."

"వానికి బదులు పలికినోడు?"

"వాడూ నేనే. గొంతు మార్చి పాడినా."

"వాయించింది?"

"కంప్యూటర్లో నేనే కొట్టినా." చెబుతుంటే దస్తగిరికి కొంచెం గర్వంగానే ఉంది.

వన్నూరమ్మ గుమ్మెటను తిప్పి ఇంకోవైపు వెచ్చబెట్టింది. "అంతా నువ్వే అయితే, వినేదానికి ఎవుర్ని పెట్టుకున్నావ్ నాయనా?"

ముసలమ్మ ఆటపట్టిస్తోందనుకుని దస్తగిరి నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. మాట మార్చి, "మారెప్పకు కంటి ఆపరేషనైంది. కుడివంత లేడు. శనివారం ఆదోని మార్కెట్ యార్డులో కథ ఉండాది. వస్తావా?" అంది.

బుర్రకథలో నడుమ కథకుడుంటాడు, అటొకరు ఇటొకరు వంతలుంటారు. కథకుడు పాట పాడితే వంతలు గుమ్మెట వాయిస్తూ చివర అందుకోవాలి, కథ చెబుతుంటే మధ్యమధ్య మాట కలపాలి. పెద్ద పాటగాడినైన నన్ను వంతకు పిలుస్తుందా అని దస్తగిరికి ముందు చురుక్కుమంది. కానీ యార్డులో శనివారమంటే బోలెడు జనం. ఒక్క పాట మళ్ళీ అంటుకుంటే చాలు, సోమవారం మామకు మొహం మీదే రానని చెప్పేయొచ్చు.

"నడుమలో నా పాట ఒకటి పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకో. ఎవురొద్దన్నారు?"

"వంత ఎక్కడ ఏమనాల్లో రాసిస్తావా?"

"దానికి రాత ఉండదు. వింటాంటే ఏమొస్తే అది."

రాత లేకపోతే లెక్క ఉంటుంది కదా అనుకున్నాడు దస్తగిరి. వెనకాల కేకలు స్టూడియోలో అతను వేసుకునే పద్ధతి ఒకటుంది. తాళం నాలుగు చుట్లు తిరిగేసరికి ఒక 'అద్దీ', ఇంకో నాలుగు తిరిగేసరికి ఒక 'భళా'. బీటు ఎక్కడికీ పారిపోదు కాబట్టి ఆ కేక ఎప్పుడూ తప్పదు. అదే ఇక్కడా చేద్దామనుకుని నిశ్చింతగా ఇంటికి పోయాడు.

శనివారం సాయంత్రం యార్డులో పత్తి బస్తాల మధ్య ఖాళీ చేసి వేదిక కట్టారు. హమాలీలు, బళ్ళవాళ్ళు, పత్తి ఏరే ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నడుమ వన్నూరమ్మ, ఎడమన ఆమె మరిది లింగప్ప, కుడిన దస్తగిరి. ఆ రోజు ఎత్తుకున్నది వెనకటి ధాత నామ సంవత్సరంలో సీమను పట్టిన ధాత కరువు కథ, వన్నూరమ్మ సొంతంగా కట్టుకున్నది. గింజ దొరకని ఏడాది హనుమక్క అనే తల్లి బిడ్డను చంకనేసుకుని గంజి పోసే శిబిరానికి నడిచిపోతుంది.

మొదట అంతా బాగానే నడిచింది. దస్తగిరి చెయ్యి మంచి చెయ్యి, గుమ్మెట గుమ్ముగుమ్మని పలికింది. నాలుగు చుట్లకోసారి 'భళా' పడింది. జనంలో కొందరు కుర్రాళ్ళు అతన్ని గుర్తుపట్టి ఈలలు వేశారు. ఇక అతని మనసు కథలో లేదు. తన పాట ఎప్పుడు ఎత్తుకోవాలి, మొదటి చరణం తర్వాత ఆపాలా, కుర్రాళ్ళు ఫోన్లు తీశారా లేదా, ఇవే ఆలోచనలు. చేతులు వాయిస్తున్నాయి, నోరు లెక్కపెడుతోంది.

హనుమక్క మట్టి సట్టి పట్టుకుని గంజి వరసలో నిలబడింది. వన్నూరమ్మ పాట ఆపి మాటలోకి దిగింది, గొంతు తగ్గించింది. తాళం సాగదీసింది. "పొద్దు నడినెత్తికొచ్చె. వరస కదలకపాయె. తల్లి సట్టి ఈ చేతికి మార్చుకుందామని బిడ్డను సవరించుకునె. బిడ్డ చెయ్యి చల్లగా తగిలె..."

"భళా!" అన్నాడు దస్తగిరి.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ముందు కూర్చున్న ఆడమనిషి ఒకామె, "థూ, వీడేం మనిషమ్మా!" అంది.  దస్తగిరికి వేదిక దిగి పరుగెత్తి పోవాలనిపించింది. ఇన్నాళ్ళు పాట ఆడకపోతే బాధపడ్డాడు గానీ, పాడే మనిషిగా ఇంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

వన్నూరమ్మ అతనికేసి కోపంగా చూడలేదు. భుజాన ఉన్న తంబూర తీసి అతని భుజానికి తగిలించింది. అతని మెడలోని గుమ్మెట తీసి తన మెడలో వేసుకుంది. నడుమకు అతన్ని జరిపి, తాను కుడిపక్కకు వచ్చి నిలబడింది.

"చెప్పు నాయనా."

దస్తగిరి దగ్గర సిద్ధం చేసుకొచ్చిన పాట ఉంది కానీ, ఆ చోట అది నోట్లోకి రావడానికే సిగ్గుపడింది. కథ ఎత్తుకుందామంటే తర్వాత ఏమైందో తెలియదు. శుక్రవారం సాధనకని పిలిచి ఆమె వాకిట్లో ఆ కథంతా చెబుతుంటే అతను వినలేదు మరి.

వన్నూరమ్మ గుమ్మెట మీద వేళ్ళతో మెల్లగా తట్టింది. వాయింపు కాదు, ఉన్నానని చెప్పడం.

"బిడ్డ చెయ్యి చల్లగా తగిలెనంటివి. ఆ తర్వాత?"

"తర్వాత... ఆ తల్లి..."

"ఊఁ."

"ఆ తల్లి వరసలోంచి పక్కకు పోలేదు."

"పోలేదా! బిడ్డ పోతే గూడా పోలేదా! ఏం?"

ఏమో దస్తగిరికీ తెలియదు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నిజంగానే అడుగుతోంది. తాను కట్టిన కథే తనకు తెలియనట్టు, అతను చెబితేగానీ తెలియనట్టు అడుగుతోంది. ఎడమన లింగప్ప కూడా వాయించడం ఆపి అతనికేసే చూస్తున్నాడు.

"ఇంటికాడ ఇంకొగడు ఉండాడు" అన్నాడు దస్తగిరి.

"అయ్యో తల్లీ!" అంది వన్నూరమ్మ. ఆ మాట వినగానే అతని లోపల ఏదో తెగింది. పాట దానంతటదే వచ్చింది, మొదట నత్తినత్తిగా, తర్వాత తన వేగంతో.

"చంకలోనోడు చల్లబడె, ఇంటికాడోడు కాసుకోనుండె,
ఇద్దరికీ తల్లి ఒక్కటే, చేతిలో సట్టీ ఒక్కటే,
ఏడిస్తే వరస తప్పుతాది, వరస తప్పితే గంజి పోతాది,
గంజి పోతే రెండోవోడు... వానిపేరు చెప్పను, చెబితే ఏడుస్తాది."

"చెప్పొద్దులే. ఆ తర్వాత?"

ఆమె అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు. ఒకచోట ఆమె అసలేమీ అనలేదు. అక్కడ ఏమీ అనకపోవడమే సరిపోయింది. తిట్టిన ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. దస్తగిరి ఆమెను చూడలేదు, ఫోన్లనూ చూడలేదు. హనుమక్క గంజి సట్టితో ఇల్లు చేరాక ఆగాడు. అప్పుడు వన్నూరమ్మ తంబూర తిరిగి తీసుకుని, మంగళం పాడి కథ ముగించింది. తన పాట పాడలేదన్న సంగతి దస్తగిరికి సామాను సర్దేటప్పుడుగానీ గుర్తురాలేదు.

వ్యాన్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. గుమ్మెటలు ఒళ్ళోనే.  వన్నూరమ్మ తిట్టినా బాగుండునని దస్తగిరి ఎదురుచూశాడు. తిట్టలేదు.

"అవ్వా, కుడివంత నువ్వెప్పుడు నేర్చినావ్?"

"నేర్చేదేముంది? మా మామ కాలంలో ఎడమవంత రాకపోతే ఎడమవంతనైనా. కుడివంత రాకపోతే కుడివంతనైనా. గుమ్మెటకు తోలేసేటోడు రాకుంటే ఆ తోలేసినా. మామ పోయినాక నడుమ ఎవురూ రాలేదు, నడుమ నిలబడినా." కాళ్ళు బారచాపుకుంది. "ఎట్ల నిలబడినావని అడిగితివే. ఎవురు రాకుంటే వాళ్ళ జాగాలో నిలబడినా. అంతే."

దస్తగిరికి ఆ మాట అర్థమయ్యీ కాకుండా ఉంది.

"మరి ఈ పొద్దు అందరూ వచ్చినారు గదవ్వా. ఎవురు రాలేదని నువ్వు కుడిపక్కకు పోయినావ్?"

లింగప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. వన్నూరమ్మ దస్తగిరి మొహంలోకి చూసింది.

"నువ్వే" అంది.

దస్తగిరి తల దించుకున్నాడు. వ్యాను చాలా దూరం పోయాక, సోమవారం కథ ఏ ఊర్లో అని లింగప్పను అడిగి, అతను చెప్పేదంతా విన్నాడు.