బుగ్గవాగుకు పచ్చిక తెచ్చిన సుకేతుడు

పిల్లలూ, కొండల నడుమ బుగ్గవరం అనే రాజ్యం ఉండేది. ధర్మసేనుడనే రాజు దాన్ని ఏలేవాడు. అక్కడ కొండ అడుగున నీటిబుగ్గ ఒకటి ఉబికి ఉబికి వాగై పారేది. వాగు గట్టున జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి నేలలు, వాటిని దాటితే నడుము లోతు పచ్చిక. కొంగలూ జింకలూ వేలల్లో ఉండేవి.

ఒక ఏడు కంటకుడనే మాంత్రికుడు వచ్చి బుగ్గ నోరు పెద్ద బండతో మూసేశాడు. వాగు ఎండింది. పచ్చిక చచ్చి ముళ్ళకంప లేచింది. మందలవాళ్ళు ఊళ్ళు విడిచిపోయారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వంద ఏనుగులతో బండను లాగించాడు. కదల్లేదు. రెండోవాడు వెయ్యి సమ్మెటలతో కొట్టించాడు. బీట వారలేదు. మూడోవాడు సుకేతుడు ఒంటరిగా బయలుదేరాడు.

దారిలో ఎండిన మడుగులో ఒక తాబేలు కొనఊపిరితో ఉంది. సుకేతుడు తన తిత్తిలో నీళ్ళన్నీ దానిమీద పోశాడు. తాబేలు కళ్ళు తెరిచింది.

"నాయనా, కంటకుడి ప్రాణం ఆ బండ అడుగు తొర్రలో, నల్లతేలులో ఉంది. తేలు తడిస్తే వాడు చస్తాడు. కానీ బండను ఎత్తగలిగేది వాడొక్కడే."

"అయితే వాడిచేతే ఎత్తిద్దాం," అన్నాడు సుకేతుడు.

తాబేలు బండ పక్కన తవ్వి తవ్వి చెమ్మ పైకి తెచ్చింది. సుకేతుడు గొర్రెలకాపరి వేషంలో మాంత్రికుడి గుహకు పరుగెత్తాడు.

"తాతా, బండ చుట్టూ నేల తడిసింది. కింద నీళ్ళు ఊరుతున్నట్టున్నాయి."

కంటకుడి గుండె జారింది. మూడు అంగల్లో బుగ్గ దగ్గరకు వచ్చి, చెమ్మ చూసి, తేలు మునిగిపోతోందేమోనని మంత్రం చదివి బండను జానెడు ఎత్తాడు. అంతే. ఇన్నాళ్ళూ అణిగిన నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు చిమ్మాయి. బండ ఎగిరింది, తేలు కొట్టుకుపోయింది, కంటకుడు బూడిదయ్యాడు.

జనం గంతులు వేశారు. కానీ నీళ్ళు బోడినేలను కోసుకుంటూ పరుగెత్తాయి. ఒక్క పరక మొలవలేదు, ఒక్క పిట్ట వాలలేదు.

"విత్తనాలు మందలపెద్ద కూతురు చెంగల్వ దగ్గరున్నాయి. వెళ్ళేనాడు ప్రతి గడ్డి విత్తనమూ ఏరి కుండల్లో దాచుకుంది," అంది తాబేలు.

సుకేతుడు ఏడు కొండలు దాటి చెంగల్వను చేరాడు. ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

"విత్తనాలిస్తాను రాజకుమారా. ముళ్ళకంప నీ చేతులతో వేళ్ళతో సహా పీకాలి. వాగును తిన్నగా తవ్వించకూడదు, దాని వంకలు దాన్ని తిరగనివ్వాలి. మూడు వానాకాలాలు ఒక్క పశువునూ మేపకూడదు. రాజుగారిదైనా సరే."

"సరే," అన్నాడు సుకేతుడు.

చేతులు నెత్తురోడినా కంప పీకాడు. కుండలతో వెంట వచ్చిన చెంగల్వ పక్కనే నడుస్తూ విత్తనాలు చల్లింది. మొదటి వానలకు పరకలు లేచాయి. రెండో వానలకు తుంగ దట్టమైంది. పచ్చిక చూసి రాజు మందను తోలించబోతే, సుకేతుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాన్నగారూ, మాటిచ్చాను. ఒక్క ఏడు ఓపిక పట్టండి."

రాజు మందను వెనక్కి తిప్పించాడు.

మూడో వానలు వెలిశాక ఒక పొద్దున గడ్డిలోంచి ఏదో కూత వినిపించింది. చెంగల్వ సుకేతుడి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. పచ్చిక బయళ్ళలోనే బతికే బట్టమేకపిట్ట. దాని వెనక రెండు పిల్లలు.

"వచ్చేశాయి," అంది చెంగల్వ, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు కూడా ఇక్కడే ఉండిపోరాదూ?" అన్నాడు సుకేతుడు.

ఆమె నవ్వింది. ఆ నెలలోనే పెళ్ళి. మందలవాళ్ళంతా తిరిగొచ్చారు. రాజు సుకేతుడికే పట్టం కట్టాడు. ఆ ఇద్దరూ అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు. ఆ అరవై ఏళ్ళలో బుగ్గవాగుకు వెళ్ళిన ఏ కడవా ఖాళీగా ఇల్లు చేరలేదు.