రాజుగారి అప్పడం ఎందుకు మోగలేదు

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త రత్తమ్మ. అప్పడాలు ఒత్తుతూ చెప్పింది. చేతిలో అప్పడాల కర్ర ఉండగా ఆవిడ మాటకు అడ్డు చెప్పినవాడు లేడు.

ఒకానొక కొండరాజ్యం, పేరు గుమ్మడిదుర్గం. ఏలేవాడు చండభూపతి. రాజ్యం చిన్నది, రాజుగారి బిరుదులు పెద్దవి. ఆయన పీట మీద కూర్చుని, విస్తరి నిండా వడ్డించాక, వందిమాగధుడు వెంగళప్ప లేచి ఆ బిరుదులన్నీ చదవాలి. అవి అయ్యేదాకా రాజు మెతుకు ముట్టడు. ఆచారం ఆయన పెట్టుకున్నదే. వాటిలో ‘సప్తసముద్రాధీశ్వర’ అని కూడా ఉంది. ఆ రాజ్యంలో మోకాలి లోతు వాగు తప్ప వేరే నీళ్ళు లేవు.

శ్రావణమాసం, ముసురు పట్టింది. రాజు గుర్రమెక్కి ఏనుగుల శాల పక్కనుంచి పోతుంటే లోపల కరకరమని చప్పుడైంది.

“ఏమిటది?”

“మావటివాడు అన్నం తింటున్నాడు ప్రభూ. అప్పడం,” అన్నాడు వెంట నడుస్తున్న భటుడు.

“అప్పడం మోగుతుందా?”

మీసాలు నెరిసినా రాజుగారు అప్పడమంటే తడిగుడ్డలా సాగేదనే అనుకుంటున్నారు.

కోటకు రాగానే వంటమనిషి సూరాంబను పిలిపించాడు.

“మావటివాడి అప్పడం మోగుతోంది, మాది మోగదు. మమ్మల్ని వాడికన్నా తక్కువ చేశావు. రేపు మధ్యాహ్నం మా అప్పడం మోగకపోతే నీ గరిటెలు మూటగట్టుకుని పొలిమేర దాటాలి.”

సూరాంబ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ వంటింట్లోనే ఉంది. పొలిమేర అవతల ఆమెకు ఎవరూ లేరు. అయినా ఏడవలేదు. వేడి అప్పడం ఒకటి పట్టుకుని, కొలువులో నోరున్నవాడైన బొల్లన దగ్గరికి పోయింది.

“ఒరే బొల్లనా, మినప్పిండి నేనే దంచాను, ఇంగువ నేనే వేశాను. తిని చెప్పు. తప్పు నాదైతే ఆయన పొమ్మనేదేమిటి, నేనే పోతాను.”

బొల్లన కొరికాడు. కిటికీలో పిల్లి ఉలిక్కిపడి బయటికి దూకింది.

“అత్తా, నీ గరిటెలు ఎక్కడివక్కడే ఉంచు. రేపు నాకో పళ్ళెం అప్పడాలు వేయించి ఇయ్యి.”

మర్నాడు రాజు పీట మీద కూర్చోగానే బొల్లన చేతులు కట్టుకున్నాడు.

“ప్రభూ, తమ అప్పడంలో కరకరను ఎవరో దొంగిలిస్తున్నారు. పట్టిస్తాను. శిక్ష ఏమిటో ముందే సెలవియ్యాలి.”

“ఆ దొంగ మళ్ళీ ఈ భోజనశాల గడప తొక్కడు.”

“తమకు కావలసినవాళ్ళయితేనో?”

“మా బావమరిదైనా సరే.”

పక్క పీట మీది బావమరిది కొంచెం ఎడంగా జరిగాడు.

బొల్లన పళ్ళెం పట్టుకుని వంటింటి గడప దగ్గర ఒక అప్పడం విరిచాడు. ఫెళ్ళుమంది. వసారాలో ఒకటి విరిచాడు. ఫెళ్ళుమంది. రాజుగారి ముందుకొచ్చి మరొకటి విరిచాడు. ముక్క ఎగిరి మంత్రి తలపాగాలో పడింది.

“దొంగ ఇంకా రాలేదు ప్రభూ,” అని విస్తరిలో ఒక అప్పడం వడ్డించాడు.

రాజు చెయ్యి చాపాడు. వెంగళప్ప గొంతు సవరించుకున్నాడు. చెయ్యి వెనక్కి పోయింది.

వెంగళప్ప ఎత్తుకున్నాడు. శత్రువుల ఏనుగులు చచ్చాయి, సముద్రాలు లొంగాయి, సూర్యుడు సిగ్గుపడ్డాడు. కిటికీలోంచి తేమగాలి వస్తూనే ఉంది. విస్తరిలో అప్పడం ముందు అంచు వంచింది, తరవాత నడుము వాల్చింది.

బిరుదులు అయ్యాక బొల్లన దాన్ని తమలపాకులా నాలుగు మడతలు పెట్టాడు. చప్పుడు లేదు.

“వంటింట్లో మోగింది, వసారాలో మోగింది, తమ ముందూ మోగింది. వెంగళప్ప నోరు తెరిచాక మూగబోయింది. దొంగలు తమ బిరుదులే ప్రభూ. గడప తొక్కరాదని తమరే సెలవిచ్చారు.”

తలుపు చాటున సూరాంబ గరిటె గట్టిగా పట్టుకుంది. తన కొలువుతో పాటు వీడి తలా పోయిందనుకుంది.

రాజు ఆ మడతల అప్పడాన్ని వేలితో పొడిచి చూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు. “అన్నీ పోవాలా? సముద్రాలది ఒక్కటి ఉంచుకోకూడదా?”

“అప్పడం ఒప్పుకుంటే ఉంచుకోండి. అత్తా, వేడిది ఒకటి పట్రా.”

సూరాంబ తెచ్చి వేసింది. వెంగళప్ప “సప్తసము...” అనేలోగా రాజుగారు కొరికేశారు. ఆ మోత ఆయన చెవుల్లో లోపలినుంచి మోగింది. వెంగళప్ప ఇంకా చదువుతూనే ఉన్నాడు.

“నువ్వు నోరు ముయ్యవయ్యా,” అన్నాడు రాజు, నోటినిండా అప్పడంతో. “అప్పడం వినపడటంలేదు.”

అని, తన మాటకు తనే పడీపడీ నవ్వాడు. మీసాల్లోంచి ముక్కలు రాలాయి. చేతి కంకణం తీసి బొల్లనకు తొడిగి, “నీకేం కావాలి?” అని సూరాంబను అడిగాడు.

“బిరుదులు చదివే ఆయనకిక పనిలేదు కదా ప్రభూ. ఆయన్ని నాకిచ్చేయండి. పిండి దంచాలి.”

ఇప్పుడు కొందరు ఈ యుక్తి మంత్రిదని చెప్పుకు తిరుగుతున్నారు. ఆ రోజు మంత్రి చేసిన పని ఒక్కటే, రాజుగారు నవ్వాక నవ్వడం. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరైనా మంత్రి పేరు కొట్టేసి, బొల్లన పేరు రాయండి. దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, సూరాంబ పేరూ రాయండి.