తీగకు గుచ్చిన కాగితాలు

మా తాతగారు చామర్తి సోమయాజులుగారు మేడిపాలెంలోని తమ ధాన్యపు కొట్టును ఖాళీ చేయించి పాఠశాలకు ఇచ్చారు. మా నాయనమ్మ మహలక్ష్మమ్మగారు ఇల్లిల్లూ తిరిగి, ఆడపిల్లలను బడికి పంపమని తల్లులను ఒప్పించారు. వారి కుమార్తె, నాకు మేనత్త అయిన అనసూయమ్మగారు, ఆ బడిలోనే నాలుగవ తరగతికి పాఠాలు చెప్పారు. ఈ కథ ఆమెది. కొంత నాది కూడా.

సముద్రపు ఒడ్డున, ఉప్పుమడుల నడుమ ఉన్న ఆ మేడిపాలెం బడికి పేర్రాజుగారు ప్రధానోపాధ్యాయులుగా ఉండేవారు. పిల్లల మార్కులు తప్ప పిల్లలు ఆయన కంటికి ఆనేవారు కారు. ఎక్కువ మార్కులు వచ్చినవారిని కిటికీ పక్కన బల్లమీద కూర్చోబెట్టేవారు. తక్కువ వచ్చినవారికి గుమ్మం దగ్గర తాటాకు చాప పరిచేవారు. రెండేళ్ళు వరుసగా తాలూకా అంతటిలోనూ మా బడి సగటే మొదటిది. ఆ మాట ఆయన రోజుకొకసారైనా అనేవారు.

మా అత్తయ్య పద్ధతి వేరు. జూన్ నెలలో బడి తెరిచిన మొదటి రోజునే ఆమె ఒక పాఠం చదివేది, పిల్లలు విని రాసేవారు. అందులో యాభై మాటలు ఉండేవి. ఆ కాగితాన్ని దిద్ది, ఒక ఇనుప తీగకు గుచ్చేది. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీగ. నెలనెలా అంతే కష్టమైన మరొక పాఠం రాయించి, ఆ కాగితాన్ని కూడా అదే తీగకు గుచ్చి గోడకు తగిలించేది. "కచేరీలో గుమాస్తా రశీదులు గుచ్చినట్లు ఇవెందుకమ్మా?" అని పేర్రాజుగారు నవ్వేవారు. "అవసరం వస్తుందండీ" అనేది అత్తయ్య.

ఆ ఏడు తరగతిలో మొదటి బల్లమీద మొదటి స్థానం నాది. గుమ్మం చాప మీద చిట్టచివర నూకరత్నం అనే పిల్ల కూర్చునేది. దాని తండ్రి అప్పలస్వామి ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. జూన్ నెలలో నేను యాభై మాటలలో నలభై ఏడు సరిగా రాశాను. నూకరత్నం రెండు రాసింది.

ఫిబ్రవరి నెలాఖరున ఇనస్పెక్టరుగారు వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన ఎదుట ముప్పై అయిదు మాటలు తప్పులేకుండా రాసినవారికే అయిదవ తరగతి. ఆ రోజున రాని పిల్ల తప్పినట్లే లెక్క, కాని బడి సగటులో చేరదు. ముందురోజు సాయంకాలం బడి వదిలేటప్పుడు పేర్రాజుగారు గుమ్మం చాప వైపు చూచి, "మీ ఆరుగురికీ రేపు సెలవు. ఇంటి దగ్గరే ఉండండి" అన్నారు. ఐదుగురు సంతోషంగా పరుగెత్తారు. నూకరత్నం మాత్రం పలక గుండెకు హత్తుకొని, కదలకుండా కాసేపు నిలబడింది. ఈ ఏడు తప్పితే బడి మానిపించి మడుల్లో పనికి పెడతానని అప్పలస్వామి ఎప్పుడో చెప్పాడు.

పిల్లలు వెళ్ళిన తరువాత అత్తయ్య అడిగింది.

"మాస్టారూ, రాయనీయకుండానే ఆరుగురిని తప్పించారా?"

"రాస్తే మాత్రం గట్టెక్కుతారా అమ్మా? వాళ్ళు కూర్చుంటే సగటు కిందికి జారుతుంది. మూడో ఏడు కూడా మొదటి స్థానం మనదేనని నేను తాలూకా అంతా చెప్పుకున్నాను."

"సగటు జారితే జారనీయండి. రేపు ఆ ఆరుగురినీ నేను తీసుకువస్తాను."

"తీసుకువస్తే వచ్చే నింద మీదే."

"నాదే" అని అత్తయ్య గొడుగు అందుకుంది.

మరునాడు తెల్లవారగానే ఆమె బయలుదేరింది. నేను కూడా వెంట నడిచాను. ఐదిళ్ళు తిరిగి ఐదుగురిని వెంటబెట్టుకొని, మేము ఉప్పుమడుల గట్టుకు చేరేసరికి నూకరత్నం తండ్రి వెనుక మోకాలి దిగువ వరకు ఉప్పునీటిలో నిలబడి ఉంది. అప్పలస్వామి తలపాగా తీసి దండం పెట్టాడు.

"మాస్టారుగోరు రావద్దన్నారు. మీరు రమ్మంతన్నారు. నానెవరి మాట ఇనాల అమ్మగోరూ?"

"నీ కూతురి మాట విను."

"దాని మాటకేటి! సదువు రాదు గానీ, మెత్తటి మట్టి కనబడితే సాలు, గట్టు పొడుగునా అచ్చరాలే. నిన్న మా మేస్త్రీ పేరు దారికడ్డంగా రాసి పారేసింది. ఆడు దాని మీద కాలెయ్యనేక సుట్టూ తిరిగెల్లేడు."

"పేరు సరిగ్గా రాసిందా?"

"నాకేటి తెలుసు?"

"మేస్త్రీకి తెలిసింది కదా, అప్పలస్వామీ. అది తన పేరేనని చదువుకోలేకపోతే చుట్టూ తిరిగి ఎందుకు వెళతాడు?"

అప్పలస్వామి గట్టు వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. "కాలు కడుక్కో" అన్నాడు.

ఇనస్పెక్టరు జగ్గారాయుడుగారు పది గంటలకు వచ్చారు. ఆయనే పాఠం చదివారు, మేము రాశాము. దిద్దిన తరువాత పేర్రాజుగారు సగటు కట్టి, ఇనస్పెక్టరుగారు తెచ్చిన మిగిలిన బడుల సగటులతో పోల్చారు. మా బడి మొదటి స్థానం నుండి రెండవ స్థానానికి దిగిపోయింది. ఆయన ముఖం నల్లబడింది.

"తప్పినవారి పేర్లు చదవండి" అన్నారు ఇనస్పెక్టరుగారు.

పేర్రాజుగారు ఐదు పేర్లు చదివి, ఆరవది గట్టిగా చదివారు. "నూకరత్నం. ఇరవై తొమ్మిది. ఈ పిల్లను పిలవనే వద్దన్నానండి. పంతులమ్మగారు వినలేదు."

అప్పుడు అత్తయ్య గోడ నుండి రెండు తీగలు తీసి, ఆనాటి కాగితాలు కూడా వాటికి గుచ్చి బల్లమీద పెట్టింది. ఒకటి నూకరత్నానిది, రెండవది నాది. జగ్గారాయుడుగారు నూకరత్నం కాగితాలను అడుగు నుండి ఒక్కొక్కటిగా చూచారు. రెండు, ఐదు, తొమ్మిది, పద్నాలుగు. పైకి వచ్చేకొద్దీ ఎర్ర సిరా తగ్గిపోతూ ఉంది. తరువాత ఆయన నా తీగ అందుకున్నారు. జూన్‌లో నలభై ఏడు. నవంబరులో నలభై ఆరు. ఆనాడు మళ్ళీ నలభై ఏడు.

"ఈ పాప ఎవరు?"

"మా బడిలో మొదటి పిల్లండి. అనసూయమ్మగారి మేనకోడలు" అన్నారు పేర్రాజుగారు గర్వంగా.

"ఈ ఏడు ఈ పాప ఏమి నేర్చుకుంది?"

నేను తల వంచుకున్నాను.

"మాస్టారూ, ఈ పాప నలభై ఏడు మాటలు ఇంటి నుండి తెచ్చుకుంది. అవి మీ బడి ఇచ్చినవి కావు. ఆ పిల్లకు ఇరవై ఏడు మాటలు ఈ బడి ఇచ్చింది. మీరు గొప్పగా చెప్పుకోవలసిన పిల్లను దాచిపెట్టారు."

ఆయన అంతటితో ఆగి, కలం తెరిచి అత్తయ్యను చూచారు. "ఈ అమ్మాయిని ఉత్తీర్ణురాలిగా రాయమంటారా?"

కూతురి వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన అప్పలస్వామి లోపలికి తొంగిచూచాడు. అత్తయ్య తల అడ్డంగా ఆడించింది.

"వద్దండీ. ముప్పై అయిదు రాలేదు. రాని దానిని వచ్చిందని రాస్తే పై తరగతిలో ఆ పిల్లే దెబ్బ తింటుంది. తప్పిందని కూడా రాయవద్దు. ఈ ఆరుగురికీ రెండు నెలలు గడువు ఇవ్వండి. ఏప్రిల్ నెలాఖరున మళ్ళీ మీ ఎదుటే రాయిస్తాను."

జగ్గారాయుడుగారు ఆరు పేర్లకు ఎదురుగా ఖాళీ వదిలి కలం మూశారు. అప్పలస్వామి లోపలికి ఒక అడుగు వేశాడు. "ఉప్పు తీసే రోజులు అమ్మగోరూ. రెండు నెలలకి ఒప్పుకుంతాను. అప్పటికీ తప్పితే నన్ననకండి."

"అనను" అంది అత్తయ్య.

మరునాటి నుండి గుమ్మం చాప లేదు. అత్తయ్యే దానిని చుట్టి అటక మీద పెట్టింది. పేర్రాజుగారు చూచి కూడా చూడనట్లు ఊరుకున్నారు. అత్తయ్య నన్ను నూకరత్నం పక్కన కూర్చోబెట్టి, నాచేత మాత్రం అయిదవ తరగతి పాఠం రాయించింది. నాకు పంతొమ్మిది మాటలే వచ్చాయి. నా కాగితం మీద అంత ఎర్ర సిరాను నేను ఎన్నడూ చూడలేదు. ఇంటికి వెళ్ళి ఏడ్చాను.

"వకుళా, ఇప్పుడు నీ తీగ కూడా మొదలైంది" అంది అత్తయ్య.

నూకరత్నం మధ్యాహ్నపు ఎండలో మడులకు వెళ్ళేది, ఉదయం బడిలో రాసేది. ఒత్తుల దగ్గర తడబడితే అదే మాటను గట్టు మీద పదిసార్లు రాసి, మరునాడు వచ్చి నాకు చెప్పేది. నేను నా కష్టమైన మాటలు దానికి చెప్పేదాన్ని. మార్చిలో దానికి ముప్పై రెండు వచ్చాయి.

ఏప్రిల్ నెలాఖరున జగ్గారాయుడుగారు మాట ప్రకారం వచ్చారు. ఆరుగురూ రాశారు. నలుగురు గట్టెక్కారు, ఇద్దరు తప్పారు. నూకరత్నానికి ముప్పై ఎనిమిది వచ్చాయి. అప్పలస్వామి ఆ కాగితాన్ని చేత పట్టుకొని, తిరగేసి, మళ్ళీ సరిచేసి చూచాడు. "ఇందులో మా మేస్త్రీ పేరుందా?" అని అడిగాడు. నూకరత్నం పకపకా నవ్వింది. తప్పిన ఇద్దరి తీగలనూ పేర్రాజుగారు గోడ నుండి తామే తీసుకొని, తమ బల్ల దగ్గర తగిలించుకున్నారు. "ఈ ఇద్దరికీ వేసవిలో నేను చెబుతాను" అన్నారు.

నేను ఆ తరువాత ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ పాఠశాలలలో పనిచేశాను. ఏ ఊరికి వెళ్ళినా మొదటి రోజు కాగితాన్ని దాచకుండా పాఠం మొదలుపెట్టలేదు. నిరుడు నా మనుమరాలు మైథిలికి ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం వచ్చినప్పుడు, అత్తయ్య వాడిన ఇనుప తీగలలో మిగిలిన పదకొండింటిని దాని చేతిలో పెట్టాను. వాటిలో ఒకదానికి నా కాగితాలు ఉన్నాయి. నలభై ఏడు, నలభై ఆరు, నలభై ఏడు, ఆ పైన పంతొమ్మిది. ఆ కాగితాలను తీయవద్దని, మొదటి స్థానంలో ఉన్న పిల్ల ఎదురైనప్పుడు చూపించమని చెప్పాను.

నీతి: పిల్ల ఎక్కడికి చేరిందో దాచకూడదు, ఎక్కడి నుండి బయలుదేరిందో మరువకూడదు, ఆ రెండూ చూడనివారికి ఏ పిల్ల చదువు మీదా తీర్పు చెప్పే హక్కు లేదు.