జేబులో పెరిగిన అమ్మోనియా

ఎస్తేరమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ పెద్దాసుపత్రి ల్యాబులో ఆవిడ దగ్గర నేర్చుకున్న వాళ్లంతా ఇదే చెబుతారు.

ఆ రోజు వార్డులో పోలినాయుడనే ఆయన తెలివి లేకుండా పడి ఉన్నాడు. తాగుడు మనిషి. లివరు చెడి రక్తంలో అమ్మోనియా పేరుకుంటే అలాగే మత్తు కమ్ముతుంది. అది ఎంతుందో చూడమన్నారు డాక్టరు. యాభై దాటితే లివరు మందు పడుతుంది. లేదంటే కారణం ఇంకెక్కడో వెతకాలి. రక్తం తెచ్చింది భ్రమరాంబ, ఇద్దరు బిడ్డల తల్లయ్యాక ఈ పని నేర్చుకోవడానికి చేరిన మనిషి.

"ఐసేదీ?" అన్నారు ఎస్తేరమ్మగారు.

"అయిపోయిందండీ. పగలకుండా రుమాల్లో చుట్టి జేబులో పెట్టి పదిలంగా తెచ్చాను. మళ్లీ మళ్లీ మెట్లెక్కలేక మిగతా వార్డుల రక్తాలు కూడా తీసుకుని ఒక్కసారే వచ్చేశాను."

"పొదగడానికి అదేమన్నా గుడ్డా?" అని ఎస్తేరమ్మగారు ఆ ట్యూబుని పారేసే డబ్బాలోకి విసిరికొట్టారు. "మళ్లీ తీయించు. ఐసులో పెట్టి, తిన్నగా ఇక్కడికే రా."

గుమ్మంలో ఉన్న పోలినాయుడి పెళ్లాం అప్పలనర్సమ్మ అది విని మండిపడింది.

"ఏటమ్మా, మళ్లీ గుచ్చుతారా? నరం దొరక్క ఇందాకే నాలుగు పోట్లు పొడిసినారు! మనిసనుకున్నారా, మేకనుకున్నారా?"

"తప్పు మాదేనమ్మా" అని ఎస్తేరమ్మగారు ఆమెకి చేతులు జోడించారు.

రెండోసారి రక్తం ఐసులో వచ్చింది. వెంటనే మిషన్‌లో పెట్టారు. అప్పుడు భ్రమరాంబ ముఖం ముడుచుకుని అడిగింది.

"ఎప్పుడు చూసినా ఆయన రక్తమే కదా మేడమ్? కాస్త ఆలస్యానికి నలుగురిలో ఇంత కోపమా?"

ఎస్తేరమ్మగారు చెయ్యి చాపి, "గుచ్చు" అన్నారు. రెండు ట్యూబులు తీయించుకున్నారు. ఒకటి ఐసులో పెట్టి అప్పటికప్పుడే చూశారు. రెండోది భ్రమరాంబ చేతిలో పెట్టారు.

"జేబులో వేసుకో. పదిలంగా."

ఈలోగా పోలినాయుడిది ముప్పై ఎనిమిదని తేలింది. లివరు కాదైతే మరేమిటని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే, మొన్న గట్టు మీంచి జారి పడ్డాడని అప్పలనర్సమ్మ అప్పుడు చెప్పింది. తలకి స్కానింగు తీశారు. పుర్రె లోపల నెత్తురు గడ్డ కట్టి ఉంది.

రెండు గంటల తర్వాత జేబులో ట్యూబుని మిషన్‌లో పెట్టించారు ఎస్తేరమ్మగారు. ఐసులో పెట్టిన ఆవిడ మొదటి ట్యూబు ముప్పై ఒకటి చూపించింది. ఇది డెబ్బై నాలుగు.

"ఇదేమిటి మేడమ్! మిషన్ పాడైందేమో?"

"మిషన్‌కేం, దానిముందు పెట్టింది చూసి చెప్పింది."

అంతలో బయట వసారాలో స్ట్రెచరు చప్పుడైంది. పోలినాయుడిని ఆపరేషన్‌కి తీసుకుపోతున్నారు. అప్పలనర్సమ్మ దాని కమ్మీ పట్టుకుని పరిగెడుతోంది. భ్రమరాంబ చూపు అటు పోయి, తిరిగి రాలేదు.

ఎస్తేరమ్మగారు కాగితం ఆమె కళ్ల ముందు పెట్టారు.

"డెబ్బై నాలుగు. దీనికి మందు నేను తాగనా, నువ్వు తాగుతావా?"