వెనక సీటు

పేరొచ్చింది కదా అని పనిలో శ్రద్ధ తగ్గించుకున్నావా? అయితే తల దించుకుని విను.

ఇటలీలో, ఎప్పుడూ మంచు దిగే ఒక కొండ ఊళ్ళో, ఎర్మెతె అనే ముసలాయన మోటారు సైకిళ్ళు చేసేవాడు. చిన్న షెడ్డు, నలుగురు మనుషులు. అక్కడొక ఆచారం ఉండేది. బండి బిగించినవాడు తన ఇంటి మనిషిని వెనక కూర్చోబెట్టుకుని కొండ దాటి రావాలి. ఆ తర్వాతే దాన్ని అమ్మకానికి పెట్టేది.

శిష్యుడు తుల్లియో బిగించిన ప్రతి బండీ అతని భార్య ఫియోరెంజా ఎక్కేది. మబ్బులోంచి పైకి పోతుంటే దారీ కనిపించేది కాదు, లోయా కనిపించేది కాదు. ఇంజను చప్పుడొక్కటే, ఎవరో పక్కనే కూనిరాగం తీస్తున్నట్టు, వెంట వచ్చేది. ఆమె అతని భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకునేది.

గురువుకు ఒంట్లో ఓపిక తగ్గింది. కార్ఖానాను తుల్లియో చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ ఏడే వాళ్ళ బండి ఒక పెద్ద పందెం గెలిచింది. ఇక దేశమంతా ఆ బండే కావాలంది. షెడ్డు పక్కన షెడ్డు లేచింది. ఫ్రేము అతుకులు హడావిడిగా పడ్డాయి. "కొండెక్కే తీరికెక్కడిది?" అని తుల్లియో ఆచారం మాన్పించాడు.

కొన్నాళ్ళకు విరిగిన బండ్లు తిరిగి రాసాగాయి. కొన్నవాడొకడు కుంటుకుంటూ వచ్చి, గేటు ముందు ఉమ్మేసి పోయాడు.

తుల్లియో గురువు దగ్గరికి పరిగెత్తాడు. "కార్ఖానా మునిగిపోతోంది గురువుగారూ. తప్పెక్కడుందో అంతుపట్టడం లేదు."

ముసలాయన లేచాడు. కర్ర పట్టుకుని మెల్లగా కార్ఖానాకు వచ్చాడు. అప్పుడే తయారైన బండి ఒకదాన్ని బయటికి తోయించాడు. ఫియోరెంజాకు కబురు పెట్టాడు.

ఆమె తలకు గుడ్డ కట్టుకుంటూ నవ్వుతూ వచ్చింది. "ఎన్నాళ్ళకు గుర్తొచ్చాను దొరగారికి! బరువెక్కానని సణిగావో, చూడు మరి!" అంటూ వెనక సీటెక్కింది.

మంచు కొండదారిని మెల్లగా మింగేస్తోంది. తుల్లియో హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆ మలుపు, కింద ఆ లోయ, ఈ అతుకు. కిక్కు కొట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"దిగు ఫియోరెంజా."

"ఎందుకూ?"

అతని చూపు ఆ అతుకు మీదే ఉంది. ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది. దిగింది.

"మరి ఇన్నాళ్ళూ నీ బండ్లు కొని ఎక్కినవాళ్ళ మాటేమిటి?" అన్నాడు గురువు. కర్ర ఊతం చేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

తుల్లియో అమ్మిన బండ్లన్నీ వెనక్కి తెప్పించాడు. ఆ దెబ్బతో కార్ఖానా మూతపడింది. తర్వాత ఒంటరిగా కూర్చుని, ఒకే ఒక్క బండిని మునుపటిలా బిగించి వాకిట్లోకి తెచ్చాడు. వెతికినా అందులో వంక దొరకదు.

కొండ అవతలి సంతకు బయల్దేరిన ఫియోరెంజాను ఎక్కమన్నాడు. ఆమె ఆ రోజులాగే అతని ముఖంలోకి చూసి, సంచీ భుజాన వేసుకుంది.

"నువ్వు పద. నేను నడిచొస్తాను."

బతికినన్నాళ్ళూ ఆమె ఆ కొండను నడిచే దాటింది.