దప్పళంలో ఉప్పు పడింది

నీలకంఠయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆ పూట జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు, అంతే. ఆ చూద్దాం కొందరికి రెండు రోజులు, కొందరికి రెండేళ్ళు. భుజంగరావుకి మాత్రం సరిగ్గా పదకొండు రోజులు పట్టింది.

భుజంగరావు సర్వే ఆఫీసులో నక్షలు గీసి గీసి రిటైరైన మనిషి. రిటైరైన మర్నాడే వంటింట్లో అడుగుపెట్టాడు, ఇక బయటికి రాలేదు. అప్పటిదాకా కాఫీ కలుపుకోవడం కూడా చేతకాని వాడు, ఏడాది తిరిగేసరికి పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో ఊరందరికీ పాఠం చెప్పేవాడైపోయాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఓ స్టీలు చెంచా పెట్టుకు తిరిగేవాడు. ఎవరు భోజనానికి పిలిచినా తిన్నగా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి, చెంచా గిన్నెలో ముంచి, చప్పరించి, కళ్ళు మూసుకుని, "మెంతులు మాడాయమ్మా" అని తీర్పు చెప్పేవాడు. తన వంట వడ్డించిన రోజున తినేవాళ్ళ ఎదురుగా నిలబడి, వాళ్ళు మొదటి ముద్ద మింగేదాకా మొహాల్లోకి చూస్తూ ఉండేవాడు. "మా ఆయన పెట్టేది భోజనం కాదండీ, పరీక్ష" అనేది భార్య జగదాంబ. చెయ్యి మంచిదేనని మాత్రం ఒప్పుకోవాలి. గుమ్మడి, ఆనప, ములక్కాడ ముక్కలు చింతపండు పులుసులో మరిగించి ఆయన చేసే దప్పళం తిన్నవాళ్ళు ఇంకో గరిటె అడక్కుండా లేచేవారు కారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

వంశధార ఒడ్డున నీలకంఠయ్యగారి పెంకుటింటి ఆశ్రమానికి వారం వారం వెళ్ళేవాడు. ఒకనాడు అందరూ ధ్యానం ముగించి లేస్తుంటే ఉండబట్టలేక అడిగేశాడు. "గురువుగారూ, వంట కూడా సాధనే కదండీ? ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ళకన్నా పదిమందికి వండిపెట్టేవాడు ఎందులో తక్కువ?"

అడిగిన తీరులోనే జవాబు ఉంది. 'ఎక్కువేనయ్యా' అని అందరి ముందూ అనిపించుకోవాలని ఆయన ఆశ. గురువుగారు నవ్వి, "చూద్దాం. ఇవాళ్టికి పదకొండో రోజున మా పెద్దగురువుగారి ఆరాధన. దప్పళం నువ్వు చెయ్యి" అన్నారు. భుజంగరావు ఆ రాత్రి సంబరంతో సరిగ్గా అన్నం కూడా తినలేదట.

ఆశ్రమం వంటశాల మంగతాయమ్మది. పందొమ్మిదేళ్ళుగా అక్కడ పొయ్యి వెలిగించేది ఆవిడే, ఆర్పేది ఆవిడే. భర్త పోయాక వచ్చింది, పిల్లలు లేరు, ఆ నాలుగు గోడలే ఆవిడ లోకం. ఆరాధన నాటి పొద్దున్నే భుజంగరావు తన గరిటెలూ తన ఇంగువా సంచిలో వేసుకుని దిగగానే ఆవిడ రెండు మాటలు చెప్పింది.

"బాబూ, ఇక్కడ వండినది ముందు పెద్దగురువుగారి పటానికి చూపిస్తాం. అందాకా ఎవరం నాలిక మీద వేసుకోం. ఆ చెంచా జేబులోనే ఉండనియ్యండి. ఇంకోటి, రుచి చూడం కనక ఉప్పు వేసినవాళ్ళు 'ఫలానా దాంట్లో ఉప్పు పడింది' అని గట్టిగా కేకెయ్యాలి. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు 'విన్నాం' అనాలి. అప్పుడు ఇంకొకరి చెయ్యి అటు వెళ్ళదు."

"ఇదేం రైలుబండా తాయమ్మగారూ, ఈల వేస్తేగానీ కదలకపోడానికి?" అన్నాడు భుజంగరావు.

"ఏమో బాబూ, పందొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూడా తప్పలేదు" అందావిడ, కందిపప్పు కడుక్కుంటూ.

ఎనభై మందికి దప్పళం. గంగాళంలో పులుసు తెర్లుతోంది. తాయమ్మ అరిటాకుల కోసం పెరట్లోకి వెళ్ళింది, కూరలు తరిగే ఆడవాళ్ళు అవతల వసారాలో ఉన్నారు. ముక్క సగం ఉడికిందని చూసుకుని భుజంగరావు దోసెడు ఉప్పు తీసి, కళ్ళతోనే కొలిచి, వేశాడు. కేక వెయ్యాలన్న సంగతి గుర్తుంది. గుర్తులేక కాదు. విశాఖపట్నం నుంచి వచ్చిన భక్తులు నలుగురు అరుగు మీద కూర్చుని, "ఇవాళ దప్పళం మీదటండీ, వాసన వీధి చివరికి వస్తోంది" అంటున్నారు. అంత పెద్దమనుషులు వింటుండగా కూలివాడిలా ఉప్పు పడిందని అరవడం నామోషీ అనిపించింది. నా చేతికి కాపలా ఏమిటి, నా గంగాళం జోలికి ఇంకెవరొస్తారు అనుకుని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. గురువుగారు అరుగు చివర స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు.

గుమ్మడికాయ పండుదైతే బెల్లం ఎంత తగ్గించాలో చెప్తూ మంచి ఊపులో ఉండగా లోపల్నుంచి కేక వినబడింది. "దప్పళంలో ఉప్పు పడిందీ!"

"విన్నాం!" అన్నారు వసారాలో ఆడవాళ్ళు.

భుజంగరావు నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. తాయమ్మ ఆకులు పట్టుకుని వచ్చింది, కేక వినలేదు కనక ఉప్పు పడలేదనుకుంది, వేసేసింది. ఆవిడ చేసిందాంట్లో తప్పేముంది? లేచి నాలుగడుగులు వేసి, "అయ్యో, నేను ముందే వేశానండీ" అంటే సరిపోయేది. వడ్డనకి ఇంకా అరగంట ఉంది. ఇంకో గుమ్మడికాయ తరిగి పడేసి, పులుసు పెంచి, నీళ్ళు పోస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ లేస్తే, ఎందుకు లేచాడో ఈ నలుగురికీ చెప్పాలి. చెప్పిన మాట వినని మనిషని తెలిసిపోతుంది. పులుసు ఎక్కువే కదా, లాగేస్తుందిలే అనుకున్నాడు. ఆవిడ కొంచెమే వేసిందేమో అనుకున్నాడు. ఇలాంటివి ఓ నాలుగైదు అనుకుని, గొంతు సవరించుకుని, "అదేనండీ, బెల్లం సంగతి..." అని మళ్ళీ మొదలుపెట్టాడు. గురువుగారు ఒకసారి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

పంక్తి కూర్చుంది. పటానికి హారతి అయింది, ఆకుల్లో అన్నం పడింది, దప్పళం పడింది. అలవాటు ప్రకారం ఎదురుగా నిలబడి మొహాలు చూడాల్సిన మనిషి ఆ వేళ స్తంభం చాటున నిలబడ్డాడు. ముందు ఎవరో దగ్గారు. తరవాత నీళ్ళ గ్లాసులు లేచాయి. ఒక పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక, కక్కలేక, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "ఉప్పు కషాయం" అన్నారెవరో. "అంతటి వంట పాడైపోయింది, పాపం భుజంగరావుగారు ఎంత కష్టపడ్డారో." "ఉప్పు తాయమ్మే వేసింది, కేక మనమూ విన్నాంగా." "పెద్దదైపోయింది, ఎంతకాలమని చేస్తుంది!" ఆ మాటలన్నీ స్తంభం వెనక మనిషికి స్పష్టంగా వినిపించాయి. ఒక్కొక్క మాటకీ తల ఇంకాస్త దిగిపోయింది గానీ నోరు పెగల్లేదు.

గురువుగారు మాత్రం తన ఆకులో వడ్డించినదంతా తిన్నారు.

తాయమ్మ దప్పళంలో వేలు ముంచి నాలిక మీద వేసుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది. మెల్లిగా నడిచివచ్చి, గరిటె తుడిచి గురువుగారి ముందు పెట్టింది. "నా వల్లే బాబూ. ఒకసారి వేసి మర్చిపోయి, మళ్ళీ వేసి ఉంటాను. ఇక నేనీ గరిటె ముట్టుకోను" అంది.

గురువుగారు గరిటె అందుకున్నారు. పంక్తి అంతా చూస్తుండగా స్తంభం వైపు తిరిగి, "భుజంగం, ఇలా రా. ఇవాళ్టి నుంచి ఈ వంటశాల నువ్వు చూసుకో" అన్నారు.

సంవత్సరం నుంచీ భుజంగరావు కలలు కన్న మాట అది. సిగ్గుమాలిన చెయ్యి ముందుకు సాగి గరిటె తీసుకుంది కూడా. అప్పుడు తాయమ్మ, కొత్తవాడికి పని అప్పగిస్తున్నదానిలా, చిన్న గొంతుతో చెప్పింది. "కేక మాత్రం మానకండి బాబూ. నాకే మతి పోతోంది. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు ఉప్పు మర్చిపోయింది. ఏడాదికల్లా నన్ను మర్చిపోయింది. నాకైతే చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు." పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, బయటికి వెళ్ళబోయింది.

వంట పాడైంది, పేరు పోతుంది, ఇంతవరకే భుజంగరావు లెక్క వేసుకున్నాడు. ఆ ముసలావిడ ఇక ఈ భయంతో మంచం ఎక్కుతుందనీ, రోజూ పొద్దున్నే లేచి తన బుర్రని తానే తడుముకుంటుందనీ ఆయనకి తట్టనే లేదు. చేతిలో గరిటె కాలుతున్నట్టుంది. "ముందు... నేను వేశాను" అన్నాడు. తనకే వినబడలేదు.

"గట్టిగా చెప్పు. ఆవిడకి వినబడలేదు" అన్నారు గురువుగారు.

"దప్పళంలో ఉప్పు పడింది!" అన్నాడు భుజంగరావు. గొంతు పగిలి, పంక్తి చివరిదాకా వినబడింది. "ముందు నేనే వేశాను తాయమ్మగారూ. కేక వెయ్యలేదు. నలుగురిలో నామోషీ అనిపించింది. మీరు కేకేసినప్పుడు విన్నాను కూడా. విని, నోరు మూసుకు కూర్చున్నాను. మీ మతికేం కాలేదు."

విశాఖపట్నం వాళ్ళు ఆకుల్లోకి చూస్తున్నారు. తాయమ్మ గడప దగ్గర ఆగి, ఆయన్ని పరీక్షగా చూసింది. "నిజంగానా బాబూ? నేను ఒక్కసారే వేశానా?"

"ఒక్కసారే."

"హమ్మయ్య" అని ఆవిడ గడప మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తిట్టి ఉంటే భరించేవాడేమో. ఆ సంతోషం చూడలేక భుజంగరావు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆవిడే తేరుకుని, కోపం కూడా తెచ్చుకుంది. "ఆ మాట అప్పుడే చెబితే ఇంకో గుమ్మడికాయ తరిగి పడేసేదాన్ని కదయ్యా! ఎనభై మంది నోళ్ళు పాడుచేశావు, నా ప్రాణం తోడేశావు!" అని, లేచి, ఆయన చేతిలోంచి గరిటె లాక్కుని, "విన్నాను" అంటూ వంటశాలలోకి వెళ్ళిపోయింది. ఆ మిగిలిన భోజనం మజ్జిగతో గట్టెక్కింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక భుజంగరావు సంచి సర్దుకుని గురువుగారి దగ్గరికి వచ్చాడు. ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేకపోయాడు. జగదాంబకి ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు. జేబులోంచి స్టీలు చెంచా తీసి ఆయన పాదాల దగ్గర పెట్టాడు. "నేనడిగిన ప్రశ్నకి జవాబు దొరికిందండీ. నేను వంటకి తగను. ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళను" అన్నాడు.

గురువుగారు చెంచా తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఆయన జేబులోనే పెట్టారు.

"నాలిక ఏం తప్పు చేసిందయ్యా? రేపు పొద్దున్నే రా. ఉప్పు తాయమ్మ వేస్తుంది. నువ్వు పక్కన నిలబడి 'విన్నాను' అను. అది వచ్చాక మిగతా వంట చూద్దాం."