చెంబు వంచని కోడలు

అనగనగనగా, ఏటిగట్టు మీద ఆవులే ఆస్తిగా బతికే ఒక ఊరు. ఆ ఊళ్ళో మాలకొండయ్య అని పెదకాపు. కోడెని తడిమి చూసి, ఇది ఆంబోతుగా పనికొస్తుందో రాదో చెప్పేవాడు. ఆయన మాట చుట్టుపక్కల ఊళ్ళకి శాసనం.

ఒక ఏడు ఊరి ఆంబోతు ముసలిదై చచ్చిపోయింది. ఆంబోతు లేకపోతే ఆవు చూలు కట్టదు. చూలు కట్టకపోతే దూడ లేదు. దూడ లేకపోతే పాలు లేవు, ఎద్దూ లేదు. ఎద్దు లేకపోతే నాగలి లేదు, నాగలి లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే మీ కంచంలో ముద్ద లేదు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెబుతున్నానా నేను!

కొత్తదానికి అచ్చు వేసే రోజొచ్చింది. అచ్చంటే ఎర్రగా కాల్చిన ఇనుప చక్రంతో తొడమీద గుర్తు వెయ్యడం. ఆ గుర్తు పడ్డాక దానికి కాడి లేదు, కట్టు లేదు. ఊరి ఆవులన్నిటికీ అదే మగడు. అందుకే అచ్చుకి ముందే పరీక్ష.

మాలకొండయ్య ఒక్కో కోడె పళ్ళు చూశాడు, కళ్ళు చూశాడు. తడి ఇసకలో నడిపించి గిట్టల జాడ చూశాడు. చివరికి వెనక్కి వెళ్ళి బీజాలు తడిమాడు. ఎందుకర్రా ఆ కిచకిచలు? దేవుడిచ్చిన అవయవానికి సిగ్గేమిటి? ఒక్కో కోడె అయ్యాక ఆయన కోడలు నాంచారమ్మ ఇత్తడి చెంబుతో చేతులకి నీళ్ళు పోసేది. పేరయ్య అనే పేదరైతు కోడె, బూడిదరంగుది, బక్కగా ఉన్నా అన్నిటికీ నిలిచింది.

ఆఖరున మాలకొండయ్య సొంత కోడె వచ్చింది. అబ్బబ్బ, ఏం కోడె అది! వెన్నముద్దలాంటి తెలుపు. మూపురం చూస్తే కొండ. అది నడిచొస్తుంటే జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు. తల్లి చచ్చిపోతే ఆయనే గుడ్డతో పాలు పిండి పెంచాడు దాన్ని. రోజూ కడిగేది నాంచారమ్మ.

"దీనికి పరీక్షేమిటి పెదకాపూ, కానియ్యి!" అన్నారందరూ. ఆయనకీ అదే అనిపించింది. పరీక్ష అయిపోయినట్టే దోసిలి పట్టాడు.

నీళ్ళు పడలేదు.

"ఏమ్మా, పొయ్యవే?"

"ఈ కోడె మట్టి మీ చేతికింకా అంటలేదుగా మామయ్యా," అంది నాంచారమ్మ, చెంబు నిలువుగా పట్టుకుని, నేల చూస్తూ.

ఆయన మొహం కందగడ్డయింది. విసవిసా వెళ్ళి చెయ్యి పెట్టాడు. ఒకటి తగిలింది. రెండోది వెతికాడు. మళ్ళీ వెతికాడు. లేదు. కడుపులోంచి దిగనే లేదు. ఈ లోపం దూడలకీ వస్తుంది, వాటి దూడలకీ వస్తుంది. ఊరి మందే గొడ్డుపోతుంది.

అక్కడ కొలిమిలో చక్రం ఎర్రబడింది. బాగుందంటే చాలు, ఊరంతా నమ్ముతుంది. కోడె మెడ తిప్పి, చిన్నప్పటిలాగే ఆయన భుజం నాకింది.

"పనికిరాదు," అన్నాడు మాలకొండయ్య. "నా కోడె పనికిరాదు. పేరయ్య కోడెకి అచ్చు వెయ్యండి."

ఇందాక కోడెని చూసి నోళ్ళు తెరిచిన జనం ఇప్పుడు ఆ మనిషిని చూసి చేతులు జోడించారు. నాంచారమ్మ అప్పుడు వంచింది చెంబు.

మరుసటేడు ఏ దొడ్లో చూసినా గంతులేసే దూడలే. తెల్లకోడెని మాలకొండయ్య బండికి కట్టాడు, బరువు లాగడంలో దానికి జోడీ దొరకలేదట. ఊరివాళ్ళేమో ఏ తగువొచ్చినా, "ఆయన తన కోడెనే తడిమి చూసినవాడు" అని ఆయన గడపే తొక్కేవాళ్ళు.

అందుకని, ముద్దొచ్చినదాన్నే ముందు తడిమి చూడాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.